అడగని కొసరు

అనగనగా ఒక అడవి. ఆ అడవిని మధ్యలో ఒక పెద్ద లోయ రెండుగా చీల్చింది. ఇటువైపు మద్దిచెట్లు, అటువైపు సారచెట్లు. ఇటునుంచి అటు వెళ్ళాలంటే లోయలోకి దిగాలి, రాళ్ళ వాగు దాటాలి, మళ్ళీ ఎక్కాలి. రెక్కలున్నవాళ్ళకి అదెంత పని? కష్టమంతా కాళ్ళున్నవాళ్ళకే.

ఆ అడవిలో ఒక మంచి అలవాటు ఉండేది. ఎవరు ఏది అమ్మినా పైన కొసరు వేసేవారు. ఎలుగుబంటి దొప్పతో తేనె కొలిచి పోశాక, ఇంకో రెండు చుక్కలు మీ వేలి మీద వదిలేది. అడవిపంది దుంపలు లెక్కపెట్టి ఇచ్చాక, ఒక పిల్లదుంప పైన పడేసేది. మీ అమ్మ కూరగాయలు కొన్నాక కరివేపాకు రెబ్బ వేయించుకోదూ? అదే. కొసరుకి ఎవరూ వెల కట్టరు. కొసరు వెయ్యనివాడి దగ్గరికి రెండోసారి ఎవరూ వెళ్ళరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పూసమ్మ కొంప ముంచింది ఇదే.

పూసమ్మ ఎవరా? ఉడుత. ఒక ముసలి మద్దిచెట్టు తొర్రలో ఉండేది. ఆమె మొగుడు గవరయ్య. వాళ్ళకి ముగ్గురు పిల్లలు, ఇంకా కళ్ళు కూడా తెరవలేదు. ఆ తొర్ర లోతుగా, వెచ్చగా ఉండేది. ఎంత వాన కొట్టినా ఒక్క చుక్క లోపలికి వచ్చేది కాదు. లోపల బూరుగు దూది పరుపు, పక్కన వానాకాలానికి దాచుకున్న పప్పు. ఆ తొర్ర మీద ఎవరెవరి కన్ను పడిందో పూసమ్మకి తెలియదు పాపం.

పూసమ్మకి ఒక గుణం ఉంది. ఆకు కదిలినా అరుస్తుంది. తోక ఎగరేసి “కిచకిచకిచ” అంటుంది. పాము వచ్చినా కిచకిచే, గాలి వీచినా కిచకిచే. అడవిలో అందరూ ఆమెని వెక్కిరించేవారు. కానీ ఆ చెట్టు మొదట్లో పొదలో ఉండే అచ్చమ్మ అనే చెవులపిల్లి మాత్రం వెక్కిరించేది కాదు.

“మా పూసమ్మ వదిన పైన ఉంటే నాకు కాపలా అక్కర్లేదు. ఆవిడ అరిస్తే పిల్లల్ని కలుగులోకి తోస్తాను. అరవకపోతే నిశ్చింతగా మేస్తాను,” అనేది.

ఎండాకాలం వచ్చింది. లోయ అవతల సారపప్పు పండింది. వానాకాలానికి ఉన్న పప్పు చాలదని గవరయ్య బయలుదేరాడు.

“తొలకరికి ముందే వచ్చేస్తాను. పిల్లలు జాగ్రత్త,” అన్నాడు.

“అటువైపు డేగలు ఎక్కువట కదయ్యా,” అంది పూసమ్మ.

“డేగలు ఎక్కడ లేవు? ఊరికే కంగారుపడకు.”

కంగారుపడకు అంటే మానేసేవాళ్ళు ఎవరైనా ఉంటారా? గవరయ్య లోయలోకి దిగి కనుమరుగైన దగ్గర్నుంచీ పూసమ్మకి కుదురు లేదు. ఆకాశంలో ఏ రెక్క కనిపించినా గుండె జారిపోయేది. తిన్నాడో లేదో, ఉన్నాడో లేడో. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు.

సరిగ్గా అప్పుడే పునుగయ్య వచ్చాడు.

పునుగయ్య అంటే పునుగుపిల్లి. అతను రావడానికి ముందే అతని వాసన వచ్చేది. కమ్మని వాసన. అది పీల్చగానే ఎవరికైనా, ఈయనెవరో పెద్దమనిషిలా ఉన్నాడే అనిపించేది. వాసన చూసి మనుషుల్ని అంచనా కట్టకూడదని మీకు వేరే చెప్పాలా?

“చెల్లెమ్మా, ఏమిటా దిగులు?” అన్నాడు పునుగయ్య. “నా దగ్గర గోరింకలు ఉన్నాయి. ఒక గోరింక నీ కొమ్మ మీదే కూర్చుంటుంది. నువ్వు ఏదంటే అది మీ ఆయన చెవిన వేస్తుంది. ఆయన ఏదంటే అది నీ చెవిన వేస్తుంది. నెలకి ముప్ఫై కబుర్లు. మూడు నెలల ఒప్పందం. వెల ఎంతనుకున్నావు? నెలకి ఒక్క దొప్పెడు పప్పు!”

“ఒక్క దొప్పెడేనా అన్నా?”

“ఒక్కటంటే ఒక్కటే. ఇంకా చిన్నచిన్న మాటలు ఏవో ఉన్నాయి. అవి కూడా చెప్పడం నా ధర్మం.”

ధర్మం అన్నవాడు వెంటనే చెప్పలేదు. పడమటి వైపు చూస్తూ కూర్చున్నాడు. సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. అంతే, అడవిలో ఉన్న కీచురాళ్ళన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. చెవులు చిల్లులు పడే గోల. ఆ గోలలో పునుగయ్య మూతి గబగబా కదిలింది. మీసాలు ఆడుతున్నాయి, పళ్ళు మెరుస్తున్నాయి. మాట మాత్రం ఒక్కటీ వినబడలేదు.

“ఏమన్నావన్నా?” అని అరిచింది పూసమ్మ.

పునుగయ్య ఆమె చెవి దగ్గరికి వంగాడు. “ఏముందమ్మా, మామూలు మాటలే. అందరికీ చెప్పేవే. సరేనా?”

అందరికీ చెప్పేవే కదా అని పూసమ్మ తలూపింది. మానుమీద కారిన జిగురులో పాదం అద్దింది. అదే ఒప్పందం.

మర్నాడు పొద్దున్నే గోరింక వచ్చి కొమ్మ మీద వాలింది. “చెప్పండమ్మా,” అంది.

“బాగున్నావా అని అడుగు. తిన్నావా అని అడుగు,” అంది పూసమ్మ.

గోరింక లోయ మీదుగా ఎగిరి వెళ్ళింది. కాసేపటికి తిరిగి వచ్చి, అచ్చం గవరయ్య గొంతుతో, “బాగున్నానే పిచ్చిదానా. పిల్లలు కళ్ళు తెరిచారా?” అంది. ఆ గొంతు వినేసరికి పూసమ్మకి ఏడుపు వచ్చింది. ఆ పూట కడుపునిండా తిన్నది.

అలా కొన్నాళ్ళు హాయిగా గడిచింది. ఒకరోజు ఎండుకొమ్మ ఒకటి విరిగి కింద పడింది. పూసమ్మ అలవాటుగా “కిచకిచకిచ” అంది. గోరింక రివ్వున ఎగిరిపోయింది. తిరిగి వచ్చి, గవరయ్య గొంతుతో, “ఏమైంది? ఏమైందే?” అని అరిచింది.

“ఓసి నీ ఇల్లు బంగారం కానూ! అది కూడా మోశావా?” అని నవ్వింది పూసమ్మ. “ఏమీ కాలేదు, కొమ్మ విరిగింది అని చెప్పు.”

గోరింక మళ్ళీ వెళ్ళింది. పూసమ్మ రోజుకి ఎన్నిసార్లు అరుస్తుందో చెప్పాను కదా. అరిచినప్పుడల్లా గోరింక వెళ్ళేది. గవరయ్య అక్కడ హడలిపోయి “ఏమైంది?” అనేవాడు. ఈమె ఇక్కడ “ఏమీ కాలేదు” అనేది. ఒక్క ఆకు రాలితే మూడు కబుర్లు.

కొన్నాళ్ళకి పూసమ్మకే అనుమానం వచ్చింది. “ముప్ఫై ఎప్పుడో దాటిపోయి ఉండాలే. అయిపోయాయా గోరింకా?” అని అడిగింది.

గోరింక పక్కకి చూసింది. “మొయ్యమన్నారు, మోస్తున్నాను. లెక్క నా దగ్గర ఉండదమ్మా. పునుగు దొరగారి గుంటలో కబురుకో గులకరాయి వేస్తాం, లెక్కపెట్టేది ఆయనే.”

“అయినా మోస్తున్నావంటే కొసరన్నమాట!” అంది పూసమ్మ సంబరంగా. ఆ అడవిలో పుట్టిపెరిగిన ఉడుతకి ఇంకేం తోస్తుంది చెప్పండి?

ఆ సంబరం కడుపులో దాచుకోలేక పక్కచెట్టు మీద ఉన్న ముసలి గుడ్లగూబతో చెప్పింది. “పెద్దమ్మా, పునుగన్నయ్య ఎంత దొడ్డ మనసు! ముప్ఫై దాటినా కొసరు వేస్తూనే ఉన్నాడు. నువ్వు కూడా ఒక గోరింకని పెట్టుకోరాదూ?”

గుడ్లగూబ పెద్దమ్మ నిరుటి దాకా తొర్రలోనే ఉండేది. “తొర్రలో గాలి ఆడటం లేదు” అంటూ ఇప్పుడు ఉత్త కొమ్మ మీద ఉంటోంది. పూసమ్మ మాటకి ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. “నాకెందుకులే అమ్మా,” అని మొహం తిప్పుకుంది. ఆ మొహం తిప్పుకోవడం పూసమ్మ గమనించి ఉంటే ఎంత బాగుండేది!

పున్నమి వచ్చింది. పొద్దుగూకే వేళకి పునుగయ్య వచ్చాడు. వెంట ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. ఈసారి చెల్లెమ్మా అనలేదు.

“పూసమ్మా, దొప్పెడు పప్పు తియ్యి. మిగతాది కూడా తియ్యి.”

“మిగతాదేమిటి అన్నా?”

“ముప్ఫై దాటాక ఒక్కో కబురుకి ఒక్కో దొప్పెడు.”

పూసమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు పెంచింది. “అవి కొసరు కదా!”

పునుగయ్య నవ్వాడు. “కొసరా? కొసరు వేస్తున్నానని నేను చెప్పానా? కొసరేనా అని నువ్వు అడిగావా?”

“నేను అన్ని కబుర్లు పంపలేదు!”

“నీ కిచకిచ కబురే. మీ ఆయన ఏమైంది అన్నదీ కబురే. నువ్వు ఏమీ కాలేదు అన్నదీ కబురే.”

తమ్ముళ్ళిద్దరూ తొర్రలో దూరారు. దాచుకున్న పప్పంతా ఊడ్చి పట్టుకుపోయారు. పిల్లలు బెదిరి ఒకరి మీద ఒకరు పడ్డారు.

“ఈ ఒప్పందం నాకొద్దు. ఆపెయ్యి,” అంది పూసమ్మ.

“మూడు నెలలు. మధ్యలో ఆపడం లేదు. ఇంకో మాట. వచ్చే పున్నమికి మళ్ళీ ముప్ఫై దాటాయో, ఇక పప్పుతో పోదు. తొర్ర నాది.”

“ఇవన్నీ ఎప్పుడు చెప్పావు?”

“మొదటిరోజే చెప్పాను. తలూపింది నువ్వు కాదా?”

అవును, తలూపింది. పాదం కూడా అద్దింది. ఇంకేమని అడుగుతుంది?

మర్నాడు అచ్చమ్మ కింది నుంచి కేకేసింది. “వదినా, రాత్రి మీ తొర్రలో ఏమిటా చప్పుడు?”

పూసమ్మకి సిగ్గు ముంచుకొచ్చింది. నలుగురికీ తెలిస్తే ఏమంటారు? ఇంత తెలివితక్కువదా అనుకోరూ? “ఏం లేదు అచ్చమ్మా, పప్పు పుచ్చిపోయింది. పారబోశాను,” అంది.

ఆ అబద్ధంతో మొదలైంది అసలు కష్టం.

పూసమ్మకి ఒకటే చింత. వచ్చే పున్నమికి తొలకరి కూడా వస్తుంది. తొర్ర పోతే పసిపిల్లలతో వానలో ఎక్కడ తలదాచుకోవాలి? కబుర్లు ముప్ఫై దాటకూడదు. కానీ ఎన్ని అయ్యాయో తెలిసేదెలా? వాడు దేన్ని కబురంటాడో తెలియదు కనక లెక్క తన దగ్గర లేదు. గోరింక దగ్గరా లేదు. ఎక్కడో, ఎవరి గుంటలోనో గులకరాళ్ళు పడుతున్నాయి. పడేవాటి చప్పుడు కూడా తనకి వినబడదు.

మొదట గవరయ్యకి కబురు పంపింది. “నేను బాగున్నాను. నువ్వు ఇక కబుర్లు పంపకు.”

గోరింక తిరిగి వచ్చింది. “ఎందుకు?” అంది గవరయ్య గొంతుతో.

అప్పటికే రెండు. పూసమ్మ జవాబు చెప్పలేదు. చెబితే ఇంకొకటి అవుతుంది.

సాయంత్రానికి గోరింక మళ్ళీ వచ్చింది. “ఎందుకే? పిల్లలకి ఏమైనా అయిందా?”

పూసమ్మ చెవులు మూసుకుంది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ. “మాట్లాడవేమే? నా మీద కోపమా?” ఆ గొంతులో ఏడుపు ఉంది. పూసమ్మ గుండె నీరైపోయింది. అయినా నోరు విప్పలేదు. ఇంతకుముందు ఆ గొంతు వింటే ఆకలి వేసేది. ఇప్పుడు అదే గొంతు వింటే ఒంట్లో వణుకు పుడుతోంది.

ఇక తన నోటి మీద తనకే నమ్మకం లేదు. ఆకు కదిలితే చాలు, కిచకిచ గొంతు దాకా వచ్చేస్తుంది. అందుకని ఒక మద్ది ఆకు మడిచి నోట్లో కుక్కుకుంది. పొద్దస్తమానం అలాగే ఉండేది. అరుపు లోపలే ఆగిపోయి తోక మాత్రం కొట్టుకునేది. గోరింక కొమ్మ చివర కూర్చుని ఆమె మూతి వంకే చూస్తూ ఉండేది. పిల్లలు ఇప్పుడు కళ్ళు తెరిచారు. కళ్ళు తెరిచి చూస్తే అమ్మ నోట్లో ఆకు!

“అమ్మా, నువ్వు మాతో ఎందుకు మాట్లాడవు?” అని అడిగాడు పెద్దవాడు.

పూసమ్మ వాడి తల నిమిరింది. అంతకంటే ఏం చెయ్యగలదు?

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం అచ్చమ్మ మేతకి వెళ్ళింది. పొద ముందు ఆమె పిల్లలు ఆడుకుంటున్నారు. పైన పూసమ్మ ఉంది కదా అని ధీమా. అప్పుడు రాళ్ళ సందులోంచి ఒక జెర్రిపోతు బయటికి వచ్చింది. చప్పుడు లేకుండా, ఎండుటాకుల కింద నుంచి పిల్లల వైపు పాకుతోంది.

పూసమ్మ చూసింది. అందరికంటే ముందు చూసింది. అరుపు గొంతులోకి తన్నుకొచ్చింది. ఆకు అడ్డం పడింది.

ఆకు ఉమ్మెయ్యాలి. కానీ ఇదే ముప్ఫై దాటే కబురైతే? తొర్ర పోతే? తన పిల్లలో? అచ్చమ్మ వచ్చేస్తుందేమో. పిల్లలే చూస్తారేమో. పాము పక్కకి వెళ్ళిపోతుందేమో.

పాము పక్కకి వెళ్ళలేదు.

పూసమ్మ ఆకు ఉమ్మేసింది. “కిచకిచకిచకిచ!” అని చెట్టు అదిరేలా అరిచింది. పిల్లలు కలుగులోకి దూకారు. అందరికంటే చిన్నది మాత్రం ఒక్క గెంతు వెనకబడింది. జెర్రిపోతు దాని వెనకకాలు పట్టుకుంది. అరుపు విని అచ్చమ్మ బాణంలా వచ్చి పాము తల మీద తన్నింది. పాము విడిచిపెట్టి పారిపోయింది. చిన్నదాని ప్రాణం దక్కింది. కాలు మాత్రం నలిగిపోయింది.

గోరింక అప్పటికే లోయ దాటి వెళ్ళిపోయింది.

అచ్చమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకుని పైకి చూసింది. “వదినా, నువ్వు చూడలేదా?”

అబద్ధం చెప్పడానికి చోటు ఉంది. చూడలేదు అంటే సరిపోయేది. కానీ పూసమ్మ చెట్టు దిగి వచ్చింది. “చూశాను అచ్చమ్మా. చూసి కూడా కాసేపు నోరు మూసుకున్నాను,” అని ఏడ్చింది. పప్పు పుచ్చిపోలేదని చెప్పింది. ఒప్పందం, కొసరు, తొర్ర, నోట్లో ఆకు, అన్నీ చెప్పేసింది.

అచ్చమ్మ బిడ్డ కాలు నాకుతూ కూర్చుంది. “ఇది మొదటిరోజే చెప్పి ఉంటే, నా కాపలా నేను కాచుకునేదాన్ని కదా వదినా,” అంది చివరికి. కోప్పడలేదు. కోప్పడి ఉంటే పూసమ్మకి కాస్త తేలికగా ఉండేది.

పక్కచెట్టు మీద నుంచి ముసలి గొంతు వినిపించింది. “తప్పు నాది కూడా తల్లీ.” గుడ్లగూబ పెద్దమ్మ కిందికి దిగి వచ్చింది. “నా తొర్ర గాలాడక వదిలెయ్యలేదు. వాడే లాక్కున్నాడు. ఇలాగే, ఈ కబుర్లతోనే. చెబితే నవ్వుతారని దాచాను. ఆరోజు నువ్వు కొసరు అంటున్నప్పుడు నోటిదాకా వచ్చింది. నా సిగ్గే నీ పీకల మీదికి తెచ్చింది.”

అచ్చమ్మ ఉన్నట్టుండి చెవులు నిక్కబొడుచుకుంది. “వదినా, వాడు ఒప్పందం చెప్పినరోజు నేను ఈ పొదలోనే ఉన్నాను. ఏం చెప్పాడో నాకు గుర్తు రావడం లేదు. ఎందుకంటావు?”

పున్నమి వచ్చేసింది. ఆకాశం నిండా మబ్బులు. పొద్దుగూకే వేళకి కమ్మని వాసన వచ్చింది, వెనకే పునుగయ్య వచ్చాడు. ఈసారి అచ్చమ్మ పిలుచుకొచ్చినవాళ్ళు చెట్టు కింద చాలామంది ఉన్నారు. గుడ్లగూబ, ఎలుగుబంటి, అడవిపంది, పిల్లలతో అచ్చమ్మ.

“తొర్ర ఖాళీ చెయ్యి పూసమ్మా,” అన్నాడు పునుగయ్య. “గులకరాళ్ళు లెక్కపెట్టాను. మొన్న పాముని చూసి అరిచావు చూడు, ఆ అరుపుతో ముప్ఫై దాటింది.”

అచ్చమ్మ బిడ్డని గుండెలకి హత్తుకుంది. పూసమ్మ తొర్ర ముందు నిలబడింది. లోపల పిల్లలు చూస్తున్నారు.

“ఖాళీ చేస్తాను,” అంది. “మొదటిరోజు నాకు చెప్పిన మాటలు ఇప్పుడు మళ్ళీ చెప్పు. నలుగురూ వింటారు. నువ్వు చెప్పిందే నిజమైతే, పిల్లల్ని తీసుకుని దిగిపోతాను.”

పునుగయ్య పడమటికి చూశాడు. సూర్యుడు దిగుతున్నాడు. ఇంకేం, వాడికి కావలసిందీ అదే. కీచురాళ్ళు అందుకోగానే వాడూ అందుకున్నాడు. మూతి కదిలింది, మీసాలు ఆడాయి.

“వినబడలేదు,” అంది పూసమ్మ.

పునుగయ్య మళ్ళీ చెప్పాడు. ఈసారి కాస్త గట్టిగా. కీచురాళ్ళు ఇంకా గట్టిగా అరిచాయి.

“వినబడలేదు,” అన్నారు అందరూ.

పునుగయ్యకి ఒళ్ళు మండింది. తొర్ర కళ్ళ ముందే ఉంది, ఒక్క ముక్క కోసం ఆగిపోయింది. గుండెలనిండా గాలి పీల్చి మూడోసారి గొంతు చించుకున్నాడు. అప్పుడే తొలి ఉరుము ఉరిమింది. ఆ ఉరుముకి కీచురాళ్ళన్నీ టక్కున నోళ్ళు మూసుకున్నాయి. పునుగయ్య మాత్రం ఆపుకోలేకపోయాడు.

“అరుపూ కబురే, ఏడుపూ కబురే, తుమ్మూ కబురే! ముప్ఫై దాటితే నేను చెప్పను, లెక్క మీకు చూపించను! మొదటి నెల పప్పు నాది, రెండో నెల తొర్ర నాది!”

అడవి అంతా నిశ్శబ్దం. ప్రతి మాటా చెట్టు చెట్టుకీ తగిలింది.

అచ్చమ్మ ముందుకు వచ్చింది. “నా చెవులు చూడు. ఇంత పొడుగు చెవులు ఈ అడవిలో ఇంకెవరికీ లేవు. ఆరోజు నేను ఇక్కడే, ఈ పొదలో ఉన్నాను. ఈ మాటల్లో ఒక్కటి కూడా వినలేదు. నాకే వినబడలేదంటే నువ్వు చెప్పలేదన్నమాటే.”

“చెప్పాను! తలూపింది!” అన్నాడు పునుగయ్య.

ఇంతలో రెక్కల చప్పుడు. గోరింక కొమ్మ మీద నుంచి లేచింది.

“నువ్వెక్కడికే?” అన్నాడు పునుగయ్య.

“ఈ కొమ్మ దగ్గర పడ్డ ప్రతి అరుపూ మొయ్యమన్నారు కదా దొరగారూ. ఇప్పుడు మీరు అరిచారు. మోస్తున్నాను.”

గోరింక వెళ్ళి తోటి గోరింకలకి అందించింది. అవి అడవిలో ఎన్ని తొర్రల ముందు ఉన్నాయో అన్ని తొర్రల ముందూ పునుగయ్య గొంతుతోనే అరిచాయి. “లెక్క మీకు చూపించను! తొర్ర నాది!”

“ఆపవే! ఆపు!” అని కేకలేశాడు పునుగయ్య.

“మధ్యలో ఆపడం లేదన్నారు కదండీ,” అంది గోరింక.

ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. సిగ్గుపడి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నవాళ్ళు. వడ్రంగిపిట్ట వచ్చింది. ముంగిస వచ్చింది. “నా దగ్గరా ఇంతే” అంటే “నా దగ్గరా ఇంతే” అన్నారు. ఎవరికి వాళ్ళు తామొక్కరే వెర్రివాళ్ళం అనుకున్నారు. చూస్తే సగం అడవి అక్కడే ఉంది. వాళ్ళందరి మధ్యన పునుగయ్యకి చెమటలు పట్టాయి. ఆ కమ్మని వాసన పోయి ఏదో పాడు కంపు మొదలైంది. తమ్ముళ్ళని వెంటబెట్టుకుని వానలో తడుస్తూ కొండ అవతలికి పారిపోయాడు. మళ్ళీ కనబడలేదు.

ఆ వానలోనే చెట్టు ఎక్కుతూ వచ్చాడు గవరయ్య. ఒళ్ళంతా బురద. చేతులు ఖాళీ. “పాముని చూసినట్టు ఒక్క అరుపు వినిపించింది. తర్వాత ఏమీ లేదు. ఎన్ని కబుర్లు పంపినా జవాబు లేదు. మీరెవరూ లేరనుకున్నానే. పప్పంతా అక్కడే వదిలేసి పరిగెత్తాను,” అని పిల్లల్ని తడుముతూ కూలబడ్డాడు.

తొర్ర దక్కింది. పప్పు దక్కలేదు. తిన్న పప్పు ఎవరు కక్కుతారు? లోయలో వాగు పొంగింది, గవరయ్య వదిలేసిన పప్పు అటే పోయింది. ఆ వానాకాలమంతా ఉడుతలు అర్ధాకలితోనే గడిపారు. గుడ్లగూబ పెద్దమ్మ తన పాత తొర్రకి తిరిగి వెళ్ళింది కానీ, పునుగు వాసన పోయేదాకా ఆమెకి సరిగ్గా నిద్ర పట్టలేదు.

గోరింకలు ఇప్పుడు కూడా కబుర్లు మోస్తాయి. కాకపోతే గులకరాయి ఎవరి గుంటలోనో వెయ్యవు. కబురు పంపినవాళ్ళ గుమ్మం ముందే, వాళ్ళు చూస్తుండగా వేస్తాయి. ముప్ఫై అయితే ముక్కు మూసుకుని కూర్చుంటాయి. “ఇంకా కావాలా? కావాలంటే ఎంతో ముందే వినండి,” అంటాయి. అదీ పొద్దున్నే, కీచురాళ్ళు లేని వేళ.

ఒకరోజు వాన తెరిపి ఇచ్చింది. అచ్చమ్మ చిన్నకూతురు కాలు ఈడ్చుకుంటూ మద్దిచెట్టు కిందికి వచ్చింది. దాని నోట్లో ఒక నేరేడుపండు ఉంది. పండుని చెట్టు మొదట్లో పెట్టి పైకి చూసింది. “అత్తా, ఇది నీకు.”

పూసమ్మ దిగి వచ్చింది. ఆకలిగానే ఉంది. అయినా పండు ముట్టుకోలేదు. ఆ కుంటికాలు వంక చూడలేక తల దించుకుంది. “దీనికి నేనేం ఇవ్వాలి తల్లీ? ముందే చెప్పు,” అంది.

చెవులపిల్లి కూతురు తల అడ్డంగా ఊపింది. “ఏమీ వద్దు. పాము వస్తే వెంటనే అరిచెయ్యి అత్తా,” అంది.

అప్పుడే గాలికి ఒక ఆకు రాలింది. పూసమ్మ తోక ఎగరేసి, అడవంతా వినబడేలా, “కిచకిచకిచ” అని అరిచింది. ఆరోజు ఆమెని ఎవరూ వెక్కిరించలేదు.

నీతి: ఉచితంగా వస్తోంది అనిపించినప్పుడే వెల ఎంతని గట్టిగా అడగాలి; మోసపోతే సిగ్గుపడి నోరు మూసుకోకుండా నలుగురికీ చెప్పాలి.